నాలుగో ప్రణాళిక

ఇది నేను టైపు చేస్తున్న నాలుగో ప్రణాళిక.
మొదటిదాన్ని మిషన్ మీద కొట్టాను, కార్బన్ పెట్టి మూడు ప్రతులు:
చేపల డబ్బాల ఫ్యాక్టరీ.
రెండోదాంట్లో వేడినీటి బుగ్గలు, వాటి చుట్టూ హోటళ్ళు.
తవ్వితే నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి,
గొర్రెలకు నచ్చాయి.
మూడోది ఏమిటో నాకే గుర్తులేదు.
అట్ట మాత్రం బాగుండేది, నీలం రంగు.

ప్వెర్తో లామాస్, ఉరుగ్వే నది ఒడ్డు,
జనాభా పదకొండు వేల నాలుగొందలు.
మాంసం శీతలాగారం మూతపడి నలభై మూడేళ్ళు.
దాని సైరన్ ఇప్పుడు మోగదు.
అయినా పొద్దున ఐదున్నరకి
ఊళ్ళో కెటిళ్ళన్నీ ఒక్కసారే పొయ్యెక్కుతాయి.
ఈ సంగతి ఏ ప్రణాళికలోనూ రాయలేదు,
ఏ శీర్షిక కింద రాయాలో తెలీక.

మొన్న గురువారం పడవ పందేల క్లబ్బులో సభ.
మోంతెవిదేయో నుంచి ఆర్థికవేత్త లర్రన్యాగ వచ్చాడు.
కుర్రవాడు, మంచివాడే,
బూట్లకు మా బురద అంటితే మొహం చిట్లించలేదు.
గోడమీద బాణాలు వేశాడు, అన్నీ పైకే.
"మీ ఊరికి ఏముంది?" అని అడిగాడు.
మేము లేనివి చెప్పాం.
వంతెన లేదు. రైలు ఎత్తేశారు. కాలేజీ లేదు.
"పొయ్యి ఉంది, రొట్టె ఉంది, కొనేవాడు లేడు,"
అన్నాడు బేకరీ వాల్దెమార్.
లర్రన్యాగ లేనివన్నీ ఓపిగ్గా రాసుకుని
పైన అవకాశాలు అని పేరు పెట్టాడు.
ఆలూ చూలూ లేకుండానే పేరు పెట్టడం
మాకేమీ కొత్త కాదు,
చప్పట్లు కొట్టాం.

అప్పుడు ఎతెల్వినా లేచింది.
డెబ్బై ఆరేళ్ళు. శీతలాగారంలో ఎద్దు నాలుకలు కడిగిన మనిషి,
వేళ్ళు ఇప్పటికీ సగమే ముడుచుకుంటాయి.
"బాబూ, మాకు చలి తెలుసు," అంది.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
"నవ్వకండి. చలిని పట్టి గదిలో కట్టేయడం
ఈ ఊరి చేతులకు వచ్చు.
అవతలి ఒడ్డు నుంచి పడవలేసుకుని వస్తారు,
పాల కూలర్లు, ఐసు పెట్టెలు మోసుకుంటూ.
మా అల్లుడి షెడ్డులో
రెండు కంప్రెసర్లు ఒకేసారి ఆడిస్తే
వీధంతా దీపాలు కళ్ళు మూస్తాయి.
త్రీ ఫేజు కరెంటు కోసం అర్జీ పెట్టి పద్నాలుగు నెలలు.
అదిచ్చాక మీ బాణాలు చూస్తాం."

కూచుంది. బెంచీ కిర్రుమంది.
"ఆ అర్జీ ఎవరి దగ్గరుంది?"
మేయరమ్మ నా వైపు చూసింది.
నేను ఫ్యాను వైపు చూశాను.

రాత్రి ఆఫీసు తాళం తీశాను.
నాలుగో ప్రణాళిక నలభై ఒకటో పేజీ దగ్గర ఆగి ఉంది,
'సమగ్ర' అనే మాట అప్పటికే అరవై రెండు సార్లు పడింది.
వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు,
నా సొరుగే, నీలం అట్ట కింద.
(కాల్ సెంటర్. ఇప్పుడు గుర్తొచ్చింది.)
కాగితం మీద గుండ్రంగా నల్లటి మరక,
నా కెటిల్ అడుగుదే.
కొన్నాళ్ళు దానిమీద కెటిల్ దించాను,
తర్వాత ప్రణాళిక దించాను.

ఒలెగారియో అక్షరాలు పెద్దవి,
ఒక్కోటీ చెక్కకు మేకు కొట్టినట్టు.
'దయచేసి' రెండుసార్లు రాశాడు,
రెండోదాన్ని కొట్టేసి
మళ్ళీ రాశాడు.

సంతకం ఇంజనీరుది, పొద్దున ఇంటికెళ్ళి పట్టుకోవాలి.
ముద్ర నాది.
సిరా దిమ్మ ఎండి పెళుసుబారిపోయింది.
మాతే టీ కోసం కాచిన నీళ్ళే నాలుగు చుక్కలు పోసి
నొక్కాను.
తేదీ మసకగా పడింది, ఊరి పేరు అసలు పడలేదు.

మళ్ళీ నొక్కాను.