దగ్గరికి వేయడం

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదుట
దస్తావేజులు టైపు చేసే దాక్షాయణక్క
నేను రాసిన ఎడిటరుకి మొదటి దిక్కు.
ఒకే భాగపరిష్కారాన్ని రెండు కిటికీల్లో తెరుస్తుంది:
ఎడమదాంట్లో హద్దులు, కుడిదాంట్లో వాటాలు.
తూర్పున దొరసామి మామిడితోట,
పడమట వంక.

మంగళవారం పదకొండున్నరకి ఫోను.
"ఎడమ కిటికీ మూసినాన్రా అబ్బా,
కుడిపక్క వాటాలూ పోయినాయి. తోటా పోయింది.
తలుపు దగ్గరికెయ్యరా అంటే
ఇల్లు కూలదోసేదా నువ్వు రాసింది?"

ఆ రాత్రి గిరింపేట గదిలో
'మూయి' అన్న ఒక్క మాటని ముందు పెట్టుకున్నాను.
కింద తోతాపురి లారీలు
గుజ్జు ఫ్యాక్టరీ వైపు ఒరిగి పోతున్నాయి.
మూయడమంటే ఒకటేనా?
మా అవ్వ వంటింటి తలుపు ఓరగా వేసేది,
గాలికి సందు, పిల్లికి లేదు.
మధ్యాహ్నం కునుక్కి దగ్గరికి వేసేది.
గొళ్లెం రాత్రికి.
తాళం, ఆడికృత్తికకి తిరుత్తణి పోయేటప్పుడే.
టీకొట్టు మునెయ్య షట్టరు సగం దించి
"కట్టేసినానప్పా" అంటూనే
ఆ సందులోంచి గ్లాసు చాపుతాడు.

సరే. ఉత్తినే మూస్తే దగ్గరికి వేసినట్టు.
కిటికీ పోతుంది, రాత ఉంటుంది,
పిలిస్తే పలికేంత దూరంలో.
రాత కూడా పోవాలంటే పక్కన ఇంకో గుర్తు కొట్టాలి.
దానికి చిటికెనవేలు బాగా చాచాలి,
కావాలనే అంత దూరం పెట్టాను.
అంకె ఇస్తే అన్ని కిటికీలు.
సున్నా ఇస్తే?
సున్నాతో రెండు గంటలు కూచున్నాను.
ఏమీ చెయ్యకూడదని తేలింది.

ఇక ఆఖరి కిటికీ.
అది మూస్తే ఎడిటరే కొండెక్కాలా,
ఖాళీ తెర మిగలాలా?
అన్నదమ్ముల వాటాల్లో ఉమ్మడి బావిలాగ
ఎవరి పేరా రాయలేక
దాన్ని అట్లే వదిలేశాను.

శుక్రవారం అక్క ఎడమది మూసింది.
కుడిపక్క వాటాలు కదల్లేదు.
తెరిచింది. తోట ఉంది, వంక ఉంది.
నమ్మక ఇంకో నాలుగుసార్లు మూసి తెరిచింది,
కక్షిదారు పక్కన స్టాంపు పేపరుతో
విసురుకుంటూ నిలబడ్డాడు.
రెండో గుర్తు సంగతి చెప్పాను.
చిటికెనవేలు చాచి చూసింది. అందింది.
వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఇది నా మిషన్లో పెట్టొద్దబ్బా," అంది,
"నాకు కోపమొస్తాది."