అర చుట్టు

మొగిలి ఘాట్లో మూడో మలుపు కాడ
మొట్టమొదట దగ్గింది బండి.
ముక్కాలు టన్నని కాయితంలో రాసుండే తొట్లో
టన్నుంబావు బెంగుళూర మామిడికాయ.
దాని తప్పేముంది.

ఊళ్ళో దీన్ని కుట్టియానై అంటారు.
పలమనేరు తట్టు అడివిలోంచి అసలు ఏనుగులు దిగితే
డప్పులు కొడతారు, టపాసులు పేలుస్తారు.
నా ఏనుగు కుంటతా ఇంటికొస్తే
సంతపేట సందులో కుక్క గూడా తలెత్తలా.

దస్తగిరి షెడ్లో ఆరునూర్లు కూలి అన్నాడు, ప్లగ్గులు కాకుండా.
రెండే ప్లగ్గులు గదన్నా అంటే
"రెండే. యాడుండాయో తెలిసినందుకు ఆరునూర్లు" అని నవ్వినాడు.
నవ్వినోడే మళ్ళీ పానా ఎరవిచ్చినాడు.
"పొద్దన్నే తెచ్చీ. ఇంజను ఎచ్చగా ఉన్నప్పుడు ముట్టబాకు."

రాత్రి తొమ్మిదిన్నర.
ఇంజను చల్లబడిండాది, నేను గాదు.
సీటెత్తితే దాని కింద ఇంకో ఇల్లు:
పోయినేడు పోయిన అయిదు రూపాయల బిళ్ళ,
ఎండిన టెంక, ఎలక కొరికిన ఇన్సూరెన్సు కాయితం.
మోనిష సెల్‌ఫోను లైటు పట్టుకోనుండాది,
సగం ఇంజను మీద, సగం దోమల మీద.
సైకిలు పంపుతో గుంతలో దుమ్మంతా ఊదినా.
ఒక్క ఇసకరవ్వ లోపలికి జారితే కంట్లో నలుసే,
తీసేదానికి కన్నే పెరకాల.

మొదటిది కిర్రుమనింది, వచ్చింది.
కొస చూస్తే కాఫీపొడి రంగు.
ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా మండతా ఉండాది.

రెండోది రాలా.
పానాకి పైపు తొడిగి, ఊపిరి బిగబట్టి...
రాలేదంటే రాలా.
ఇరిగితే హెడ్డంతా ఇప్పాల, తెలుసు.
తెలిసినోడి చెయ్యే ముందు వణికేది.
తుదకు వదిలింది, మొండి పంటి మాదిరి.
నల్లగా, తడిగా,
తారుకన్నా మెరస్తా.

అప్పుడే వచ్చింది దేశమ్మ బస్టాండు కాడ్నుంచి,
బజ్జీల బండి గోడకానించి.
నా చేతిలోది తీసుకోని ముక్కుకాడ పెట్టుకునింది.
"ఇది పెట్రోలు వాసన కాదే" అనింది.
"నూనె. మూడు దినాలు మార్చకుండా కాగిన నూనె."

నేను పలకలా.
రింగులరిగినాయని దస్తగిరి చెప్పాల్సిన మాట,
ఇరవై వేల మాట,
మిరపకాయ బజ్జీలేసే మనిషి
ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

కొత్త ప్లగ్గు సందులో రంపం బ్లేడు దూర్చి చూసినా.
రవ్వంత వదులుండాల. ఉండాది.
రబ్బరు గొట్టానికి తగిలించి వేళ్ళతోనే తిప్పినా.
మరను మరే ఎతుక్కుంటాది, తొందరపడబాకురా,
అని నాకు నేనే చెప్పుకుంటా.
ఆనింది. ఆనినాక అర చుట్టు.
పిసరు ఎక్కువైతే మర పోతాది,
తక్కువైతే ఊడి ఎగురుతాది.
నా చేతిలో ఉండేది ఆ అర చుట్టే.
మిగిలిందంతా ఫైనాన్సోళ్ళది,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడి వరసది,
ఏ పూటకాపూట దిగే కాయ ధరది.

తాళం తిప్పినా.
ఒక గొంతు దగ్గి, ఆగి,
రెండు గొంతులూ కలిసినాయి.
"బాగైపాయ నాయనా!" మోనిష ఎగిరింది.
"బాగైపాయ" అన్నా.
దేశమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటా
"ఈ సీజను ఈడ్చుకొస్తాదా?" అనింది.
"కాయ అయిపోయేదాకా రానీ."
ఆమెతో అన్నానో, బండితో అన్నానో.

కాఫీపొడి రంగుది డాష్‌బోర్డులో ఏసుకున్నా, అవసరానికి.
నల్లదాన్ని యాడ పారేసినానో గ్యాపకం లేదు.

మర్నాడు సాయంత్రం, బస్టాండు కాడ,
బజ్జీల బండి మీద చూసినా దాన్ని.
పొట్లాల పేపర్లు గాలికి లేవకుండా
బరువు పెట్టుండాది.
కడిగి, తుడిచి.