అరంగుళం

చూళైలో మా సందుకి మధ్యాహ్నం మూడింటికే నీడ వస్తుంది.
మెషిన్ ఆపి తలెత్తితే
కత్తిరించిన జాకెట్టు ముక్కల మీద
మోనిష పెట్టిపోయిన కాగితం.
ప్లస్ వన్ దరఖాస్తు.
నాలుగు గ్రూపులు, నాలుగు గళ్ళు,
ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలట.
పెన్సిల్‌తో పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టి,
అక్కడ కాగితం నూగుగా లేచింది.

చివరికి పెన్సిల్ ఆగింది
లెక్కలు లేని గడిలో.

నేనేమీ అనలేదు.
అంగయర్కణ్ణి టీచర్ రేపు పెళ్ళికెళ్ళాలి,
చంక గుండ్రం ఇంకా కత్తిరించాలి.
కత్తెరకి మాత్రం తెలిసిపోయినట్టుంది,
సుద్దగీత తప్పి కొంచెం లోపలికి పోయింది.

నా పదిహేనో ఏట
లెక్కల మాస్టారి కేకలకి జడిసి
థర్డ్ గ్రూప్ అన్నాను.
ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు,
ఫీజు కూడా తక్కువే మరి.
రెండేళ్ళు పోయాక
ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్పే చదువొకటి ఉందని విని
రెండు బస్సులు మారి గిండీ వెళ్ళాను.
అద్దం వెనక కూర్చున్నాయన నా మార్కులు చూడనే లేదు.
"ప్లస్ టూలో మేథ్స్ ఉందామ్మా?"
లేదన్నాను.
అద్దం కింది సందులోంచి
నా కాగితాలు నా వైపుకే జారి వచ్చాయి.
మర్యాదగానే తోశాడు.
ఆ మర్యాదే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇప్పుడు పొద్దస్తమానం చేసేది లెక్కలే.
ముప్పై నాలుగు ఛాతీలో నాలుగో వంతు,
దాని మీద ఒక ముప్పావు,
భుజం వాలు, మెడ లోతు,
మీటరున్నరలో రెండు జాకెట్లు తేలాలి.
దీన్ని లెక్కలని ఎవరూ అనరు.
కుట్టుకూలి అంటారు.

రాత్రి ఇడ్లీ పిండి కలుపుతూ అడిగాను,
లెక్కలంటే భయమా అని.
"భయం కాదమ్మా, ఇష్టం లేదు.
నాకు పక్షులు కావాలి.
పళ్ళికరణై చిత్తడిలో బడివాళ్ళు చూపించారే,
ఒంటికాలి మీద గంటసేపు నిలబడ్డది,
అలాంటి వాటి వెనకే తిరుగుతాను.
దానికి ఎక్స్ విలువ ఎందుకు?"
దాని గొంతులో తడబాటు లేదు.
నా భయానికున్నన్ని సాకులు
దాని ఇష్టానికి లేవు.

పాతది, పోయిన ఏడు నేనే కుట్టిన
దాని యూనిఫాం తెచ్చి లోపలివైపు తిప్పాను.
పక్క కుట్టు వెంబడే అరంగుళం గుడ్డ.
"ఇది బయటికి కనబడదు.
వేసుకుంటే కాస్త ఒరుసుకుంటుంది కూడా.
నువ్వు ఒళ్ళు చేసినప్పుడు
విప్పుకోడానికి మిగిలేది ఇదే.
పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళకీ
లెక్కలు కావాలేమో, నాకేం తెలుసు.
నాకు తెలిసింది ఒకటే,
కత్తిరించేశాక అతుకు వేయొచ్చు,
అతుకు అతుకులాగే కనబడుతుంది."

అది యూనిఫాం అటూ ఇటూ తిప్పి చూసింది.
"మెడ దగ్గర ఏదీ అరంగుళం?"
"మెడ దగ్గర వదలకూడదే. తల దూరదు."
"అదే నేనూ అంటున్నది,"
అని లేచి చెయ్యి కడుక్కుంది.

ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను.
నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.
పిండి పొంగే దాకా నిద్ర పట్టలేదు.

పొద్దున చూస్తే
బయో మేథ్స్ గడిలో ఒక చుక్క.
టిక్కు కాదు, చుక్క.
పాత టిక్కు చెరపనూ లేదు.
శుక్రవారం దాకా గడువుంది.

టీచర్ వచ్చి తొడుక్కుని చూసి
ఛాతీ దగ్గర బిగుతుగా ఉందంది.
బ్లేడుతో కుట్టు విప్పుతుంటే
తమిళంలో అడిగింది,
మీ అమ్మాయి ఏ గ్రూపని.

"ఇంకా సుద్దగీతే టీచర్" అన్నాను,
పళ్ళ మధ్య గుండుసూదితో.