అర మార్కు

కూర్మన్నపాలెంలో కరెంటు పోయి వచ్చింది.
నలభై రెండు పేపర్లు, ఒక ఎర్ర పెన్ను,
తలుపు సందులోంచి బొగ్గు నుసి మోసుకొచ్చే గాలి.
మూడో ప్రశ్న: రసాయన చర్యల రకాలు తెలిపి
ఒక్కొక్కదానికి ఉదాహరణ ఇమ్ము.

సంయోగానికి అందరూ మెగ్నీషియం తీగే రాశారు.
నేను చూపించిందే అది, తప్పనలేను.
పట్టకారుతో పట్టి వెలిగించినప్పుడు
కిటికీ వరసంతా ఒక్కసారి కళ్లు మూసుకుంది.
"మండిపోనాది కదా మేడం,
మళ్లీ సంయోగం ఎలగవుతాది?"
రెండూ అవుతుంది అన్నాను.
మీ నాన్న వెల్డరూ మీ నాన్నా ఒకేసారి కాడా?

ఒక్క మేస్త్రి కొడుకు మాత్రం
సున్నం తడుపుతూ అరచెయ్యి కాల్చుకున్న అమ్మని రాశాడు.
"వేడి పుట్టెను" అని కింద రెండు గీతలు.

వియోగం దగ్గర చేతిరాతలు వంకర తిరిగాయి.
"సున్నపురాయిని బాగా కాల్చిన ఊపిరి వదులును."
ఆ ఊపిరికి పేరుంది, రాయాలి,
అని పక్కన రాసి
మార్కు మాత్రం ఇచ్చేశాను.

ద్వంద్వ వియోగం అంటే తాతారావు.
అప్పికొండ నుంచి కూల్‌డ్రింకు సీసాలో
సముద్రం పట్టుకొచ్చాడు.
వడగట్టి, అటెండరు బంగారయ్య
ఖరీదైన మందులా సిల్వర్ నైట్రేట్ చుక్క వదిలితే
నాళికలో పాలు విరిగాయి.
జతలు మారాయిరా, అంతే.
పెళ్లి భోజనాల దగ్గర
నీ చెప్పు వాడూ, వాడి చెప్పు నువ్వూ తొడుక్కొచ్చినట్టు.
ఆ చెప్పులే రాశారు పదకొండు మంది,
లవణాల పేర్లు మరిచిపోయి.

ఇక స్థానభ్రంశం.
మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు,
శుక్రవారం కిటికీలో పెట్టి సోమవారం చూశాం.
నీలం వెలిసి లేత ఆకుపచ్చ,
మేకు ఒంటి మీద ఎర్రటి పొర.

నూకరత్నం పేపరు.
నిర్వాసితుల కాలనీ పిల్ల, రెండో బెంచీ.
"ఇనుము వచ్చెను. రాగి బయటకు పోయెను.
ఉదా: మా ఊరు.
గమనిక: బయటకు పోయిన రాగి దూరం పోదు.
ఆ మేకుకే అంటుకొని ఉండును."

వాళ్ల తాత నాకు తెలుసు.
జీడితోట ఉండిన చోటికి ఇప్పుడు గోడ,
గోడకి గేటు, గేటుకి ఎదురుగా
ఆయన టీ బండి.
బి షిఫ్టు దిగేవాళ్లకి గ్లాసులు కడుగుతూ
లోపల చింతచెట్టు ఎక్కడుండేదో
పొగగొట్టాల లెక్కన చెబుతాడు:
మూడోదానికి కాస్త ఎడం పక్క.

కిటికీలో ఆకాశం ఎర్రబడింది.
కొలిమి దగ్గర కరిగిన చిట్టెం పారబోస్తున్నారు.
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
అర మార్కు వేశాను.
సమీకరణం లేదు, అని రాశాను.

మర్నాడు స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడింది.
"అర మార్కు ఏటికి పోనాది మేడం?"
సమీకరణం ఏదమ్మా?
"రాసేను. ఎనకాల పేజీల."

తిప్పలేదు నేను. నిజమే.

పేజీ తిప్పుతుంటే మెల్లిగా అడిగింది.
"చురుకైనది చురుకు తక్కువదాన్ని
తోసేస్తాది అన్నారు కదా.
మా తాత చురుకు తక్కువోడా?"

ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
బీకరులో ఎప్పుడూ ఎవరూ
టీ గ్లాసులు కడగలేదు.
లోహాల సంగతమ్మా అది, అన్నాను,
నా గొంతు నాకే నచ్చలేదు.

వెనక పేజీలో సమీకరణం సరిగ్గానే ఉంది.
బాణానికి ఎడమన ఎన్ని పరమాణువులో
కుడినా అన్నే.
ఎవరూ తప్పిపోలేదు.
కింద పెన్సిలుతో రెండు నాళికలు గీసి
ఒకదానికి నీలం పూసింది,
రెండోదానికి ఆకుపచ్చ రంగు దొరకలేదేమో
ఖాళీగా వదిలేసింది.

అర మార్కు కలిపాను.
మొత్తం కొట్టేసి మళ్లీ కూడాను.
అది అక్కడే నిలబడి
నా కూడిక సరిచూసుకుంది.