రంగుడబ్బా

పంచాయతీ ఆఫీసు ముంగట మైకుల చదివిండ్రంట
ఏరొస్తే ఏమేమి సదిరిపెట్టుకోవాల్నో.
నేను విననీకె పోలే, పడుగు పోస్తుంటి.
మా నవనీత చేతిమీద రాసుకొచ్చింది,
మోచేతి దాకా పెన్ను గీతలు.

డబ్బా ఇచ్చింది రహమత్ బీ కొడుకు.
ఇండ్లకు రంగులేసే పిలగాడు, పైసలు తీసుకోలే.
అంచుకు ఇంకా పసుపుపచ్చ అంటుకొనే ఉన్నది
ఎవరి పెండ్లింటి గోడదో.
మూత బిగిస్తే మా మద్దిలేటి
మోకాలు అడ్డంపెట్టి గుంజాల్సిందే.

తుంగభద్ర ఒడ్డు మాది.
ఊరందరికీ నీళ్లు గడప దాటి వస్తయ్.
మగ్గమోళ్లకు గుంటల కెళ్లి ఊరుతయ్.
పొద్దుగాల కూసోని కాళ్లు దించితే
అరికాలికి సల్లగ తగుల్తది.
టీవీల చెప్పకముందే, తలారి ఉరికి రాకముందే
నా బొటనేలికి ఎరుకైతది.

ఆధార్లు, రేషన్ కార్డు, సొసైటీ బుక్కు
జరీచీరె కవరుల మడిచిన.
దానిమీద ఇంకో కవరు, పైన నూలుపోగు ఏడు చుట్లు.
అమ్మే చీరెకు అంత మర్యాద చేస్తం,
మన పేర్లున్న కాయితాలకు చెయ్యమా.
అత్తకు బీపీ గోలీలు. అద్దాలు, ఒక కాడ ఇరిగినయే.
అగ్గిపెట్టె మీద కొవ్వొత్తి కరిగిచ్చి పోసిన.
బ్యాటరీల సెల్లులు తలకిందులు పెట్టిన
దానంతటదే ఎలిగి చచ్చిపోవద్దని.
కటకరొట్టెలు పన్నెండు, పల్లీల పొడి,
పీటీ సారును అడిగి తెచ్చిన ఈల.
నవనీత అటిటు చూసి
నల్లకవరు ఒకటి అడుగుకు తోసింది.
మంచి పని చేసినవ్ బిడ్డా,
లిస్టు రాసినాయనకు యాదికి రాలే అది.

పోయినసారి డబ్బా లేదు, లిస్టు లేదు.
సగం నేసిన చీరె మగ్గంమీదనే ఉండె,
కుంకుమరంగు అంచు, కుట్టుకాడికి వచ్చి ఆగింది.
మద్దిలేటి మేకను ఎత్తుకున్నడు, నేను పిల్లను.
మా అత్త జములమ్మ
చీకట్ల చేతికందింది పట్టుకొని ఉరికింది.
గుట్టమీద బడికాడ తెల్లారినంక చూస్తే
చీపురుకట్ట.

నవ్విండ్రు. ఇండ్లు మునిగినోళ్లు
ఏడ్చుడు ఆపి మరీ నవ్విండ్రు.
అత్త ఎవ్వరి దిక్కు చూడలే.
కొంగు నడుముకు చెక్కి, మూడు గదులు, వరండా
గబ్బిలాల పెంట, సుద్దముక్కల పొడి అంత ఊడ్చి
నలభై ఇండ్లోళ్లు పండనీకె జాగ చేసింది.
ఆరు దినాలు గుట్టంతటికీ ఒక్కటే చీపురు.
పటేలింటామె గూడ వచ్చి అడిగింది.
ఇచ్చింది అత్త, ఇచ్చి పక్కనే నిలవడ్డది
మళ్ల తీసుకునేదాకా.

ఇప్పుడు అమాస అమాసకు మూత తెరుస్తం.
పాతరొట్టెలు తీసి కొత్తయి పెడతం,
ఏరు రాని నెల ఏటిరొట్టెలు మేమే తింటం.
మద్దిలేటి పటపట నములుకుంట అంటడు:
"బతికినం గని, ఉప్పు జర ఎక్కువేసినవ్."

ఈ అమాసకు అత్త వచ్చి కూసుంది.
చూపు తగ్గింది, చేతులతోని డబ్బా చుట్టు తడిమింది.
"అది పెట్టినవా?"
"పట్టదత్తా, పొడుగున్నది."
ఇంకేం అనలే.

తెల్లారి చూస్తే డబ్బా కడెంకు చీపురు కట్టి ఉన్నది.
అంచుకని దాచిన పట్టుపోగు,
తెగిన దారాన్ని అతికే ముడి,
కండ్లు లేకున్నా ఏళ్లు మరువని ముడి.
పట్టు ఎందుకు పాడుజేసినవని అడగబోయి
అడగలే.

మగ్గంకాడికి పోయి గుంటల కాళ్లు దించిన.
పొడిగనే ఉన్నది, ఈ పొద్దుకు.
నాడె అందుకున్న.