నెర్రెల కొలత

ఏప్రిల్ పదకొండు. పెదనందిపాడు దాటాక
ఎడంచేతి మట్టిరోడ్డు.
ఐసుపెట్టెలో ఒక పక్క మట్టి సంచులు,
ఒక పక్క రక్తపు సీసాలు.
రెంటికీ ఒకే నంబర్లు వేసింది నేనే,
కలవకుండా అట్టముక్క అడ్డం పెట్టిందీ నేనే.

పరిశోధన ముగ్గురిది, జీపు మాత్రం ఒకటే.
బాజీ సారుది మట్టి, ప్రమీల డాక్టరుది రక్తం.
హైమవతి మేడంది ఏమిటో
మొదట్లో నాకు అర్థం కాలేదు.
బీటలు వారిన చేలో గొంతుక్కూర్చుని
దారానికి నట్టు కట్టి నెర్రెలోకి వదులుతుంది.
"రెండడుగుల నాలుగంగుళాలు, రాసుకో."
ఫిజిక్సంటే కరెంటూ అద్దాలూ అనుకున్నదాన్ని,
నేల పగలడం కూడా అందులోదేనట.

కొత్త నెర్రె పాతదాన్ని అడ్డంగా ఢీకొంటుందట,
గట్టు తగాదాకొచ్చిన అన్నదమ్ముల్లా.
తడిసి ఎండి, తడిసి ఎండి, ఏళ్లు గడిచాక
మూడు నెర్రెలు ఒకచోట కలిసి
చోటుని సమంగా పంచుకుంటాయట.
నల్లరేగడికి రాజీ తెలుసన్నమాట,
కోర్టు మెట్లెక్కకుండానే.

కోతకొచ్చిన మస్తానమ్మ
నీళ్లసీసా పట్టుకుని ఇదంతా చూసింది.
"ఏవమ్మా, ఆ దారానికి నా మట్టె తగిలిందా?"
పద్నాలుగేళ్ల కింద, ఇదే చేలో, పత్తి తీస్తుంటే
జారి నెర్రెలో పడిందట.
గడ్డపారేస్తే ఇంకా లోపలికి పోయిందట.
"ముప్పాతిక తులం వెండి.
అమ్ముకు తిన్నానని మా ఆయనకి ఇప్పటికీ అనుమానమే."

బాజీ సారు నవ్వలేదు.
"ఈ నేల తనని తనే దున్నుకుంటుందమ్మా.
ఎండకి నోరు తెరిచి పైది మింగుతుంది,
వానకి ఉబ్బి లోపలిది పైకి తోస్తుంది.
రాళ్లు తేలడం చూళ్లేదూ?
పడ్డది పైకొస్తుంది. ఎప్పుడో చెప్పలేం."

మస్తానమ్మ ముఖం విచ్చుకుంది.
నా పెన్ను ఆగింది.
ఇన్నేళ్లలో ఈ నెర్రెల్లో పడ్డది
మట్టె ఒక్కటే కాదుగా.
తెల్లారుజామున కలిపిన మందు,
కర్రతో తిప్పిన నీలం డ్రమ్ము,
పిచికారీ గొట్టం కడిగిన నీళ్లు.

ప్రమీల డాక్టరు కొలిచే ఎంజైము పేరు
పలకడానికి నాకు మూడు నెలలు పట్టింది.
కోలినెస్టరేస్.
నరం చెప్పిన మాట చివర పెట్టే చుక్క అది.
అది తగ్గితే మాట ఆగదు,
కండ అదురుతూనే ఉంటుంది,
కళ్లు కారుతూనే ఉంటాయి.
"ఘాటుకేలే" అంటారు వీళ్లు.
మిరపకాయ మీద ఎంత నింద!

కార్తీకంలో నలభై ఒకటో నంబరు సీసా
సగానికి సగం దిగింది.
నేను చెప్పలేదు.
చెప్పానా లేదా అని అడిగే గడి ఫారంలో లేదు.

పైయేడు వ్యాసం అచ్చయింది.
పదకొండు పేజీలు, ఏడుగురి పేర్లు.
నాది చివర కృతజ్ఞతల్లో, ఒక అక్షరం తప్పుతో.
జిరాక్సు తీసి, బస్సెక్కి, పట్టుకెళ్లాను.

"ఇందులో నేనెక్కడ?"
రెండువందల పన్నెండు చుక్కల బొమ్మ.
నాకు వెతకడానికే కాసేపు పట్టింది.
ఇదుగో, ఎడమ పక్క, బాగా కిందికి.
ఆమె వేలు పెడితే చుక్క కనపడలేదు.
"ఇంత కింద ఉన్నానా?"
నంబరు చెప్పాను. చెప్పాల్సిన ఏడాదికి చెప్పాను.
ఏమీ అనలేదు. వేలు తీసి
"నా పక్కన ఇదెవరు?" అంది.
చెప్పకూడదన్నాను, రూలు.
"చెప్పబాకలే. మా తోడికోడలు.
ఇద్దరం ఒకే డ్రమ్ము తిప్పాం."

ముందురోజు తొలకరి పడింది.
నెర్రెలన్నీ మూసుకున్నాయి,
ఏ దారానికీ అందకుండా.
చేనుగట్టున నడుస్తుంటే
నల్లమట్టిలో ఏదో తళుక్కుమంది.
ఇద్దరం ఒకేసారి వంగాం.

మందుడబ్బా మూతికంటించే వెండికాగితం.
పేరు చెరిగిపోయింది, పుర్రె బొమ్మ మిగిలింది.

ఆమె దాన్ని పారెయ్యలేదు.
కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి
రొంటిన దోపుకుంది.
"నేల మాట నిలబెట్టుకుంటందే,
వరసలో ముందు ఇదున్నట్టుంది."