ఒక అక్షరం తక్కువ

గుంటూరు జిల్లా కోర్టు గోడవార
నా చిన్న టైపు మిషనులో ఆ సోమవారం ఒక సుత్తి తల విరిగి
కార్బన్ కాగితాల మీదుగా దొర్లి, ఎటో పోయింది.
పైన అక్షరం, కింద దాని వత్తు. రెండూ ఒకేసారి.

ఏ అక్షరమో ఇప్పుడే చెప్పలేను.
లకారానికి అక్క అనుకోండి.
నాలుక వెనక్కి మడిచి పిలిస్తే పలుకుతుంది.

మొదట్లో ఇది కథ అవుతుందనుకోలేదు.
"పెండ్లి" అని కొట్టాను. తాతల నాటి మాట అని
పెద్దాయన మురిసిపోయాడు.
మునిసిపాలిటీ అర్జీలో "నీరు రావడం లేదు" అన్నాను.
ఎలా రాసినా రాలేదు.
"వారు" అని కొట్టేసరికి
వడ్డీలు పిండుకునే వాడికి కూడా మర్యాద దక్కింది.

మా అమ్మమ్మ కథల్లో
బయల్దేరే వాడికి ఎప్పుడూ ఏదో ఒకటి పోయి ఉంటుంది:
ఉంగరమో, గుర్రమో, తండ్రి కంటిచూపో.
పోయినదాని పేరు చెబితేనే గడప దాటనిస్తారు.
నేను పేరు రాయలేని దాని కోసం దాటాను,
గురువారం, మిషనును చంటిబిడ్డలా చంకనేసుకుని.

పోగా పోగా శంకర్ విలాస్ సెంటర్.
పోగా పోగా బ్రాడీపేట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
అమ్మమ్మ అడవిలో దారి మూడుగా చీలేది.
ఇక్కడ నాలుగుగా చీలుతుంది, చీలిన ప్రతిచోటా ఒక అంకె.
అంకెలున్నా తప్పిపోయాను.
టైపు ఇనిస్టిట్యూట్ ఉండాల్సిన మేడలో ఐఐటీ కోచింగ్.
వాచ్‌మన్ అడ్డం నిలబడి "ఏ బ్యాచ్?" అన్నాడు.
ఏ కథలోనూ ఏ రాక్షసుడూ
ఇంతకన్నా కష్టమైన ప్రశ్న అడగలేదు.

దారిలో ముసలామె ఉండాలి కదా. ఉంది,
మూడు వంతెనల దగ్గర, జామకాయల తట్ట ముందు.
కథలో అయితే వీపు గోకమంటుంది, పేలు చూడమంటుంది.
ఈవిడ సెల్లు ఇచ్చి బ్యాలెన్సు చూడమంది.
పదకొండు రూపాయలు.
"లాలాపేటలో మస్తాను, పాతినప కొట్టు," అంది,
కారం అద్దిన ముక్క ఒకటి చేతిలో పెట్టి.
దాచుకోవాలని తెలియక తినేశాను.

మిర్చి లారీ పోయింది. ఏడు తుమ్ములు.
ఏడు సముద్రాలంటే ఇవే కాబోలు.

మస్తాను కొట్టు నిండా చచ్చిపోయిన మిషన్లు, కిలోల లెక్కన.
ఒక బిస్కట్ డబ్బా నిండా సుత్తి తలలు.
"వెతుక్కో అమ్మా, నాకు చదువు రాదు."
మధ్యాహ్నమంతా వెతికాను. క, క, న, మ, మరో క, అన్నీ అరిగినవి.
ఠ ఒక్కటే కొత్తగా మెరుస్తోంది, ఎవరికీ అవసరపడక.
కరెంటు పోయింది. ఆపైన చూపుతో కాదు, గోటితో వెతికాను.

దొరికాక, టంకం కాస్తూ అడిగాడు:
"ఏం రాస్తావు దీంతో?"

పెండ్లికి, నీటికి, వారికి
దొడ్డిదారులు దొరికాయి కదా.
దొడ్డిదారి లేని మాట ఒక్కటే ఉంది.
పద్ధెనిమిది సంవత్సరాలుగా ఊరందరి దరఖాస్తులూ కొట్టాను.
మొదటిసారి నా కోసం ఒకటి కొట్టుకుంటే
కింద నా పేరు పడటం లేదు.
ఇదేమీ అతనికి చెప్పలేదు. ఊరికే దగ్గాను.

ఊదాడు. చల్లారనిచ్చాడు. కాగితం తనే దూర్చాడు.
"కొట్టు."

ళ

ళ్ళ. నీళ్ళు. కళ్ళు. ఇళ్ళు. పెళ్ళి.
వాళ్ళు, ఇక మర్యాద లేకుండా.
మంగళగిరి. తాళం.
వెళ్ళు అన్న మాటలోనే ఉందది ఇన్నాళ్ళూ.
అది లేకుండానే ఎలా వెళ్ళానో!
మళ్ళీ కొట్టాను. మళ్ళీ అన్నదాంట్లోనూ ఉంది.
ఆఖర్న, ఒక్క వేలితో: వకుళ.

ముప్పై రూపాయలు తీసుకున్నాడు.
లాలాపేటలో వరాలు ఊరికే ఇవ్వరు.

తిరుగు దారి గురించి అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు.
అక్కడికి వచ్చేసరికి ఆమే నిద్రపోయేది.
ఆటో, ఒళ్ళో మిషను, చేతులకి తుప్పు వాసన, అంతే.

టంకం కాస్త వంకర. అప్పటినుంచీ నా ళ
పక్క అక్షరాల కన్నా వెంట్రుకవాసి ఎత్తున నిలబడుతుంది.
మూడో కోర్టు గుమాస్తా కాగితాన్ని దీపం వైపు తిప్పి
ఇది వకుళమ్మ కొట్టింది అంటాడు,
చదవకుండానే.